కరెంటు గుడి

కరెంటుకి గుడి ఉందంటే మీలో ఎంతమంది నమ్ముతారో తెలీదు గానీ, నిజంగానే ఉంది. జపాన్‌లో, క్యోటో నగరానికి పడమటి కొసన, అరాషియామా అనే చోట. అక్కడి కొండవాలులో హోరిన్‌జి అని ఒక పాత బౌద్ధాలయం. దాని మెట్లు ఎక్కుతుంటే దారిలోనే తగులుతుంది ఈ చిన్న మందిరం. పేరు డెన్‌డెన్‌గూ. ‘డెన్’ అంటే విద్యుత్తు, ‘గూ’ అంటే మందిరం. అంటే ‘కరెంటు కరెంటు గుడి’ అన్నమాట. కరెంటు, రేడియో తరంగాలు, ఇప్పుడు వాటికి తోడు కంప్యూటర్లు... వీటన్నిటి బాగోగులు చూసే దేవుడు అందులో ఉంటాడు. ‘సర్వర్లు డౌన్ కాకుండా చూడు స్వామీ’ అని మొక్కుకోవచ్చు. జోకు కాదు, అక్కడ కంపెనీలే మొక్కుకుంటాయి.

క్యోటో వెళ్ళిన మనవాళ్ళందరూ చూసేవి మూడే. బంగారు మంటపం, ఎర్రటి ద్వారాల వరస, వెదురు తోపు. మూడింటి దగ్గరా సెల్ఫీలు దిగి సాయంత్రానికి ఇండియన్ రెస్టారెంట్ వెతుక్కోవడం. వెదురు తోపు ఉన్నది కూడా ఈ అరాషియామాలోనే, నదికి అవతలి ఒడ్డున. ఇవతలి ఒడ్డున ఉన్న ఈ గుడికి మాత్రం ఎవరూ రారు. నన్నడిగితే అదే మంచిది.

నేనెందుకు వెళ్ళానంటే, మాది కరెంటు కుటుంబం. అమరావతికి ఇరవై కిలోమీటర్ల లోపు ఓ పల్లెటూరు. నాన్న హెల్పర్‌గా చేరి, జూనియర్ లైన్‌మన్ అయి, లైన్‌మన్ అయి, ఇప్పుడు లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు. నేను ఇంజనీరింగ్ చదివింది ఆయన స్తంభాలెక్కిన డబ్బుతో. ఒసాకాలో క్లయింట్ దగ్గర ఆన్‌సైట్ పడినప్పుడు, అక్కడికి గంట దూరంలో కరెంటుకి గుడి ఉందని తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. టీమ్‌లో ఇద్దర్ని అడిగాను, ‘నీకు వేరే పనేం లేదా’ అన్నట్టు చూశారు. సరే, ఒక్కణ్ణే బయల్దేరాను. ఒంటరి ప్రయాణంలో సుఖం ఏంటంటే, ఒక ఎడిసన్ బొమ్మ ముందు అరగంట నిలబడినా ‘ఇంక పదరా బాబూ’ అనేవాళ్ళుండరు.

మొన్న ఏప్రిల్‌లో, కటోవర్ అయిపోయిన మర్నాటి శనివారం. ఒసాకా ఉమెదాలో హాంక్యూ రైలెక్కి, కట్సురాలో దిగి, అరాషియామా లైనుకి మారాలి. నేను మొదటి పెట్టెలో డ్రైవర్ వెనక అద్దం దగ్గర నిలబడ్డాను. జపాన్ రైలు డ్రైవర్లని చూశారా ఎప్పుడైనా? తెల్ల గ్లౌజులేసుకుని, ప్రతి సిగ్నల్‌నీ వేలెత్తి చూపిస్తూ, పైకి ఒక మాట అంటూ నడుపుతారు. కొత్తగా చూసేవాళ్ళకి ఆయనేదో గాల్లో ఉన్న దేవుళ్ళతో మాట్లాడుతున్నట్టుంటుంది. కన్నూ, వేలూ, నోరూ, చెవీ కలిస్తే పొరపాట్లు తగ్గుతాయని వాళ్ళ పద్ధతి. రైళ్ళలో మొదలై ఫ్యాక్టరీలకీ, బిల్డింగ్ పనులకీ పాకింది. ఇది గుర్తుపెట్టుకోండి, మా నాన్న దగ్గర మళ్ళీ వస్తుంది.

స్టేషన్ నుంచి గుడికి అయిదు నిమిషాల నడక. మెట్ల దారిలో డెన్‌డెన్‌గూ వచ్చింది. నిజం చెప్పాలంటే మన ఊళ్ళో పోలేరమ్మ గుడి ఇంకాస్త పెద్దదిగా ఉంటుంది. బౌద్ధాలయంలో ఈ వేరే దేవుడేంటి అంటారేమో. జపాన్‌లో 1868లో ప్రభుత్వం బలవంతాన విడగొట్టేదాకా బుద్ధుడి గుళ్ళూ, వాళ్ళ సొంత దేవుళ్ళ గుళ్ళూ కలిసిమెలిసే ఉండేవి. ఆ తర్వాత కూడా చాలా బౌద్ధాలయాల్లో ఇలాంటి ఉపాలయాలు మిగిలాయి. మన శివాలయంలో ఓ మూల ఆంజనేయుడి గూడు ఉన్నట్టే. ఇక్కడ ఉన్నది మెరుపుల దేవత. పూర్వం ఉన్న మందిరం 1864లో క్యోటోలో జరిగిన అంతర్యుద్ధపు మంటల్లో కాలిపోయింది. తొంభై ఏళ్ళు దాటాక, 1956లో, దాన్ని కరెంటుకీ రేడియో తరంగాలకీ రక్షకుడిగా మళ్ళీ నిలబెట్టారు. యుద్ధంలో చితికిపోయిన దేశం మళ్ళీ లేచి నిలబడుతున్న కాలం అది. మెరుపుల దేవుడికి ఉద్యోగం మారింది, అంతే :)

మందిరం సంగతి అలా ఉంచితే, నన్ను నిలబెట్టేసింది దానికి తోడుగా ఉన్న స్మారకం. డెన్‌డెన్ టవర్ అంటారు. దాని మీద రెండు ఫలకాలు, రెండు ముఖాలు. ఒకటి ఎడిసన్. రెండోది హెర్ట్జ్. ఎడిసన్ సరే, ఆయన్ని ఎక్కడైనా పెడతారు. పైగా క్యోటోకి ఆయనతో చుట్టరికం ఉంది. బల్బులో పెట్టే ఫిలమెంటు కోసం ఆయన ప్రపంచమంతా మనుషుల్ని పంపి వెతికిస్తే, ఇక్కడికి దక్షిణాన ఉన్న యవాతా వెదురు దొరికింది. దాన్ని మసి చేసి పెడితే వెయ్యి గంటలకి పైగా వెలిగింది. నాకు ముచ్చటేసింది హెర్ట్జ్‌ని చూసి. మనం రోజుకి వందసార్లు గిగాహెర్ట్జ్ అంటాం, ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశామా? విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని 1880ల చివర్లో ప్రయోగం చేసి చూపించాడు. 36 ఏళ్ళకే పోయాడు. వైర్‌లెస్ అనేది వ్యాపారం కాకముందే. అలాంటి జర్మన్ ప్రొఫెసర్ని జపాన్‌లో ఓ బౌద్ధాలయం మెట్ల దగ్గర పెట్టుకుని దణ్ణం పెడుతున్నారు.

ఫోన్ కెమెరాతో అక్కడి రాతని అనువాదం చేసుకున్నాను. కరెంటు, రేడియో రంగాల కోసం పాటుపడి పోయినవాళ్ళ ఆత్మల్ని గౌరవించడానికి కట్టిందట. దీన్ని నడిపించే సంఘంలో కరెంటు కంపెనీలు, బ్రాడ్‌కాస్టింగ్ సంస్థలు, ఐటీ కంపెనీలు ఉన్నాయి. వాటి పేర్లతో ఓ పెద్ద బోర్డుంది. మన గుళ్ళలో ‘ఈ ఫ్యాను దాత’ అని రెక్కల మీద రాయించినట్టు కాదు గానీ, ఆ జాతిదే.

ఇంకో వింత. ఇక్కడ తాయెత్తు మైక్రో ఎస్‌డీ కార్డు రూపంలో ఇస్తారు. అందులో ప్రధాన దేవుడి బొమ్మ ఫైలుగా ఉంటుంది. ఫోన్లో పెట్టుకుంటే డేటా భద్రంగా ఉంటుందని నమ్మకం. నా ఫోన్‌కి అసలు కార్డు పెట్టే స్లాటే లేదు. దేవుడు కూడా లెగసీ హార్డ్‌వేర్ మీదే సపోర్ట్ ఇస్తున్నాడు!

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నాకు మొక్కుల మీద గురి లేదు. చిలుకూరులో వీసా కోసం 11 ప్రదక్షిణలు, వస్తే 108 అనే లెక్క నాకెప్పుడూ స్టేట్‌మెంట్ ఆఫ్ వర్క్ లాగే కనిపిస్తుంది. అడ్వాన్సు 11, డెలివరీ అయ్యాక బ్యాలెన్సు. ఆయుధపూజ రోజు సర్వర్ ర్యాక్‌కి కుంకుమ బొట్టు పెట్టి, అదే వారం బ్యాకప్ టెస్ట్ చెయ్యడానికి టైం లేదనే మేనేజర్లని మీరూ చూసే ఉంటారు. ఇక్కడి ఎస్‌డీ కార్డుకీ అదే వరస. బ్యాకప్ ఉన్నవాడికి తాయెత్తు అక్కర్లేదు, లేనివాడికి తాయెత్తు చాలదు. కాబట్టి ఇక్కడ నన్ను పట్టింది మొక్కు కాదు. ఆ రెండు ముఖాలు. గుళ్ళో పనివాడి మొహం పెట్టడం.

ఆ మాట పక్కన పెట్టి పైకెళ్దాం. ప్రధానాలయంలో దేవుడి పేరు జపనీసులో కొకుజో. సంస్కృతంలో ఆకాశగర్భుడు. ఆకాశమంత ఖజానా ఉన్నవాడని అర్థం, దాన్నిండా జ్ఞానం. మన భాషలో చెప్పాలంటే అన్‌లిమిటెడ్ క్లౌడ్ స్టోరేజీ. ఈయన మంత్రాన్ని పద్ధతి ప్రకారం పది లక్షల సార్లు జపిస్తే చదివిందేదీ మర్చిపోరని ఒక సాధన ఉంది. జపాన్‌కి షింగోన్ బౌద్ధం తెచ్చిన కూకాయ్ (774 - 835) కుర్రతనంలో చేసింది అదే. ఒక మామ్మగారు నా పక్కన నిలబడి ఆ మంత్రం చదువుతుంటే చెవి పెట్టి విన్నాను. ‘అక్యాశ క్యారబాయ’ అని వినబడింది. ఆకాశగర్భాయ! చైనా మీదుగా పన్నెండు వందల ఏళ్ళకి ముందే వచ్చిన మాట, ఉచ్చారణ అరిగిపోయినా విభక్తి మాత్రం ఊడిపోలేదు.

ఈ షింగోన్ వాళ్ళకి మనతో ఇంకో లంకె ఉంది. వాళ్ళ గురుపరంపరలో నాగార్జునుడు ఉన్నాడు. మన నాగార్జునకొండకి పేరిచ్చిన ఆయనే. వాళ్ళ కథ ప్రకారం దక్షిణ భారతదేశంలో ఒక ఇనుప స్తూపం ఉండేది. నాగార్జునుడు దాని తలుపులు తెరిపించుకుని లోపల రహస్య గ్రంథాలు అందుకున్నాడు. ఆ ఇనుప స్తూపం మన అమరావతి స్తూపమే అయ్యుంటుందని కొందరు పండితులు ఊహించారు. కథ కథే అనుకోండి. కానీ ఆ ఇనుప స్తూపానికి వాళ్ళు వాడే మాట ‘తెత్తో’. ఇవాళ జపాన్‌లో హైటెన్షన్ లైన్ టవర్ని కూడా అదే అక్షరాలతో ‘తెత్తో’ అనే అంటారు. అమరావతి పక్క ఊళ్ళో లైన్‌మన్ కొడుకుని, ఈ సంగతి చదివినప్పుడు నాకెలా ఉంటుందో మీరే చెప్పండి.

నేను వెళ్ళిన రోజు గుడి నిండా పిల్లలు. జపాన్ లెక్కలో పదమూడో ఏడు వచ్చిన పిల్లల్ని వసంతకాలంలో ఇక్కడికి తీసుకొచ్చి, ఆకాశగర్భుణ్ణి తెలివి ఇమ్మని అడిగిస్తారు. మనకి బాసర లాగా. తేడా ఏంటంటే మనం పలక పట్టించేది మూడేళ్ళ వాడికి, వీళ్ళు తెచ్చేది మీసాలు రాబోయేవాణ్ణి. రంగు రంగుల కిమోనోల్లో ఆడపిల్లలు నడవలేక నడుస్తున్నారు. ఒక్కొక్కరూ కుంచెతో తమకిష్టమైన అక్షరం ఒకటి రాసి దేవుడికి ఇస్తారు. ఒక్కటే అక్షరం. ఇరవై పేజీల రెజ్యూమేలు రాసే మనకి అది పెద్ద పరీక్షే.

తర్వాతే అసలు ఘట్టం. ఇంటికి వెళ్ళేటప్పుడు కింద నది మీద వంతెన దాటేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే ఇచ్చిన తెలివి వెనక్కి వెళ్ళిపోతుంది. గుడిలో వరండా లాంటి చోటు ఉంది, అక్కడ నిలబడితే వంతెన కనబడుతుంది. టొగెత్సు వంతెన, 155 మీటర్లు, ఇప్పుడున్నది 1934లో కట్టింది. దాని మీద ఒకాయన తన కూతురి రెండు భుజాలూ పట్టుకుని తోసుకుంటూ తీసుకెళ్తున్నాడు, ఆ పిల్ల నవ్వు ఆపుకోలేక వంకర్లు తిరుగుతోంది. వెనక తమ్ముడు కాబోలు, పేరు పెట్టి పిలుస్తున్నాడు, అక్క వెనక్కి తిరిగితే చూడాలని. తమ్ముళ్ళు ఎక్కడైనా తమ్ముళ్ళే.

ఆ వంతెన కూడా ఈ గుడి పెట్టిన భిక్షే. గుడిని 713లో స్థాపించాడని చెప్పే గ్యోకి, ఊరూరా తిరిగి చెరువులు తవ్వించి వంతెనలు కట్టించిన సన్యాసి. తర్వాత 9వ శతాబ్దంలో ఇక్కడ సాధన చేసిన దోషో ఈ నది గట్లు బాగుచేయించి, మొదటి వంతెన వేయించాడని చెబుతారు. ఒకప్పుడు దాని పేరే హోరిన్‌జి వంతెన. సివిల్ ఇంజనీర్లు మొదలుపెట్టిన గుడిలోకి ఎలక్ట్రికల్ వాళ్ళు లేటుగా వచ్చారు, ఐటీ వాళ్ళు మరీ లేటు.

ఈ గుడిలో ఇంకో ఆచారం, నేను చూసింది కాదు, తెలుసుకున్నది. డిసెంబరు 8న, మళ్ళీ ఫిబ్రవరి 8న, విరిగిపోయిన కుట్టు సూదులకి కర్మ చేస్తారు. దుంపపిండితో చేసిన జెల్లీ లాంటి పదార్థం ఒకటుంటుంది, వాళ్ళు వంటల్లో వేసుకుంటారు. దాన్ని పళ్ళెంలో పెట్టి, విరిగిన సూదుల్ని రంగు దారాలతో అందులో గుచ్చుతారు. ఏడాదంతా గట్టి బట్టల్లో దూరిన సూది చివరిసారి మెత్తటి చోట దిగబడాలని. దర్జీలూ, ఇంట్లో కుట్టుకునే ఆడవాళ్ళూ వస్తారు.

ఇది చదివినప్పుడు నాకు మా బాబాయ్ గుర్తొచ్చాడు. సొంత బాబాయ్ కాదు. నాన్న దగ్గర హెల్పర్. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. నాన్నని ‘అన్నా’ అనేవాడు, నన్ను సైకిల్ మీద స్కూల్లో దింపేవాడు. 2009లో, నేను ఏడో తరగతి. గాలివాన వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జంపర్ తెగింది. నాన్న సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్సీ తీసుకున్నాడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్, అటునుంచి సప్లై ఆపేశాం మీరు పని చేసుకోవచ్చు అనే హామీ. ఏబీ స్విచ్ కూడా దించారు. బాబాయ్ పైకెక్కాడు. అటునుంచి కరెంటు రాలేదు. ఇటునుంచి వచ్చింది. ఊళ్ళో ఒక మిల్లులో జనరేటర్ ఆన్ చేశారు, దానికి చేంజోవర్ స్విచ్ లేదు. ఆ కరెంటు సర్వీసు వైరులోంచి లైన్లోకి ఎక్కి, ట్రాన్స్‌ఫార్మర్లోంచి వెనక్కి నడిచి, పైకి 11 వేల వోల్టులై వెళ్ళింది. రెండు వైపులా లైన్ని భూమికి కలిపే డిశ్చార్జి రాడ్లు ఆ రోజు జీపులో లేవు.

అంతకుమించి రాయను. పిన్నికి తర్వాత ఆఫీసులో అటెండర్ ఉద్యోగం ఇచ్చారు. బాబాయ్ పేరు ఏ బోర్డు మీదా లేదు.

చిన్నప్పుడు నాన్న స్తంభం ఎక్కే ముందు దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకోవడం చూసేవాణ్ణి. ఇంజనీరింగ్ సెకండియర్లో ఉండగా, కాస్త తెలివి ముదిరి, ‘స్తంభానికి దణ్ణం పెడితే కరెంటు ఆగుద్దా నాన్నా’ అని అడిగాను. ఆయన కోప్పడలేదు. ‘దణ్ణం పెట్టేటప్పుడు ఒక్క నిమిషం ఆగుతాం గదరా. తలెత్తి పైకి చూస్తాం. అప్పుడు ఏబీ స్విచ్ మూడు బ్లేడ్లూ ఊడినయ్యో, ఒకటి ఇరుక్కుందో కనపడతది. దణ్ణం లేకపోతే ఆదరాబాదరాగా ఎక్కేస్తాం’ అన్నాడు. ఆ రైలు డ్రైవర్ వేలెత్తి చూపించడం చూసినప్పుడు నాకు కనబడింది ఇదే. నాకు భక్తి లేకపోయినా నాన్న దణ్ణంతో పేచీ లేనిది అందుకే.

వరండాలో కూర్చుని నాన్నకి వీడియో కాల్ చేశాను. మనకంటే మూడున్నర గంటలు ముందుంటారు వీళ్ళు, అక్కడ ఇంకా మధ్యాహ్నం కాలేదు. సెక్షన్ ఆఫీసులో ఉన్నాడు, వెనక ఎవరో ఫ్యూజ్ కాల్ గురించి అరుస్తున్నారు.

“ఏరా, తిన్నావా?”

“తిన్నా గానీ నాన్నా, ఇది కరెంటు గుడి. నీకు చూపిద్దామని.”

“కరెంటుకి గుడా? ఏదీ, కెమెరా అటు తిప్పు.”

మెట్లు దిగి అన్నీ చూపించాను. ఎడిసన్‌ని గుర్తుపట్టాడు. హెర్ట్జ్ ఎవరో చెబితే, “మన సప్లై 50 హెర్ట్జ్ అంటామే, ఆ హెర్ట్జా! పాపం కుర్రాడే” అన్నాడు. ఎస్‌డీ కార్డు గురించి చెబితే నవ్వాడు. ఇనుప స్తూపం కథ చెప్పి, టవర్ని కూడా అదే పేరుతో పిలుస్తారంటే, “అయితే నాగార్జునుడు 132 కేవీ మీద చేశాడన్నమాట” అన్నాడు. కంపెనీల పేర్ల బోర్డు చూపిస్తే మాత్రం కాసేపు మాట్లాడలేదు.

“వీళ్ళంతా ఎవర్రా?”

“కంపెనీలు నాన్నా. చందాలిచ్చినోళ్ళు.”

“మరి లైన్లు లాగినోళ్ళో?”

కరెంటు కోసం పాటుపడి పోయినవాళ్ళందరి కోసం అని రాసుంది నాన్నా, అందులో వాళ్ళూ వస్తారు అని చెప్పాను. “అందరూ అంటే ఎవరూ కాదు లేరా” అన్నాడు. అని, వెంటనే, “సరేలే, సూదులకి కూడా చేస్తారంటున్నావుగా, మంచోళ్ళే” అన్నాడు.

నేను ఆ బోర్డు ముందు ఇంకాసేపు ఉన్నాను. ముందు రోజు వచ్చిన మెయిల్ గుర్తొచ్చింది. కటోవర్ విజయవంతం అయినందుకు అభినందనలు, కింద పదకొండు పేర్లు. అందులో సగం మంది ఆ మూడు రాత్రులూ నిద్రపోయినవాళ్ళే. విశాఖలో కూర్చుని మూడు రాత్రులూ రెప్లికేషన్ లాగ్ కళ్ళార్పకుండా చూసి, రెండో రాత్రి మూడింటికి ఒక టేబుల్ తేడా పడిందని పట్టుకున్న అమ్మాయి పేరు లేదు. ఆమె పట్టుకోకపోతే ఆ పదకొండు పేర్లూ వేరే రకం మెయిల్లో ఉండేవి. నేను అక్కడే మెట్ల మీద కూర్చుని, ఫోన్లోంచి రిప్లై ఆల్ కొట్టి, ఆమె చేసిన పని రెండు లైన్లలో రాసి, పేరు కలిపాను. సోమవారం దాకా ఎవరూ కిక్కురుమనలేదు. ఆమె మాత్రం ఒక్క స్మైలీ పంపింది, విడిగా.

గుడి మూసే టైమయ్యాక కిందకి దిగాను. నది ఒడ్డున కాసేపు తిరిగి, వేడి వేడి గ్రీన్ టీ తాగి (చక్కెర ఉండదు, ముందే చెబుతున్నా), చీకటి పడుతుంటే వంతెన దగ్గరికొచ్చాను. అప్పుడు దాని రెయిలింగ్ వెంట చిన్న చిన్న దీపాలు వెలిగాయి. వీటి కథ నాకు ముందే తెలుసు, నాన్నకి చూపించాలనే ఆగాను. ఈ నదిలో వంతెన పక్కనే ఉన్న చిన్న ఆనకట్ట దగ్గర, 2005లో ఊరివాళ్ళ సంఘం ఒక బుల్లి జలవిద్యుత్ యంత్రం పెట్టించింది. 5.5 కిలోవాట్లు. వంతెన మీది 60 ఎల్‌ఈడీ దీపాలకి కరెంటు ఇస్తున్నది అదే. అంతకుముందు ఇంత పేరున్న వంతెన మీద రాత్రయితే చీకటే.

మళ్ళీ కాల్ చేశాను. నాన్న భోంచేసి పడుకుని లేచినట్టున్నాడు, జుట్టు రేగిపోయి ఉంది.

“ఎన్ని కిలోవాట్లన్నావు?”

“అయిదున్నర.”

“ఏడున్నర హెచ్‌పీ మోటారు. మనూళ్ళో బోరుకి పెట్టేంత. దానితో బ్రిడ్జి మొత్తం?” అని, “ఆ దీపం దగ్గరికి పో, వైరు ఎట్టా లాగారో చూపించు” అన్నాడు.

వంగి, ఒక్కో దీపం దగ్గరా ఫోన్ పెట్టి చూపిస్తుంటే దాటిపోయేవాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. వైరు ఎక్కడా కనబడదు, అంతా లోపల నుంచి లాగేశారు. నాన్నకి నచ్చింది.

“బాగా చేశారు. ఎర్తింగ్ ఎక్కడ ఇచ్చారో చూడు.”

“కనపళ్ళేదు నాన్నా, చీకటి పడిపోయింది.”

“ఆ మిషన్ కాడ ఉంటది చూడు, నీళ్ళ దగ్గర. దగ్గరికి మాత్రం పోబాక.”